సెనేట్‌లో ఏకాహం

మా ఊరి రామాలయంలో ఏకాహం చేస్తే ఒక జట్టు గొంతు పోయేసరికి ఇంకో జట్టు అందుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి తాళాలు వాయించేవాడు కునికిపాట్లు పడుతుంటాడు గానీ చేతులు మాత్రం ఆడుతూనే ఉంటాయి. 24 గంటలు భజన ఆగకూడదు, అంతే. ఊరంతా కలిసి చేసే ఈ పనిని అమెరికాలో ఒక పెద్దమనిషి ఒంటినోటితో లాగించేశాడు. పైగా కొసరు 18 నిమిషాలు. ఆయన పేరు స్ట్రామ్ థర్మండ్, సౌత్ కరోలినా సెనేటర్.

1957 ఆగస్టు 28 రాత్రి 8 గంటల 54 నిమిషాలకు లేచి మొదలుపెట్టాడు. మర్నాడు రాత్రి 9 గంటల 12 నిమిషాలకు ముగించాడు. ఏ దేవుడి కోసమయ్యా అంటే, నల్లవాళ్ల ఓటు హక్కుకు కాస్త కాపలా పెట్టే పౌరహక్కుల బిల్లు గట్టెక్కకుండా చెయ్యడం కోసం. ఆ బిల్లు కోరలు అప్పటికే పీకేశారు. సాటి దక్షిణాది సెనేటర్లు కూడా ‘ఈ మాత్రానికి గొడవెందుకు, పోనిద్దాం’ అని సర్దుకున్నారు. ఈయన మాత్రం సర్దుకోలేదు.

అక్కడి రూలు ప్రకారం నిలబడి మాట్లాడుతున్నంతసేపూ సభ ఆ సభ్యుడిదే. కూర్చుంటే పోయింది, బయటికి వెళ్తే పోయింది. ఆ ‘బయటికి వెళ్లే’ సమస్యకే థర్మండ్ ముందుగా ఆవిరి స్నానం చేసి ఒంట్లో నీరంతా చెమటగా పోగొట్టుకుని వచ్చాడు. జేబుల్లో గొంతు బిళ్లలు, మాల్టెడ్ మిల్క్ బిళ్లలు వేసుకున్నాడు. అయినా శరీరం శరీరమే కదా. పక్కనున్న క్లోక్‌రూమ్‌లో సహాయకుడొకడు బకెట్‌తో సిద్ధంగా ఉన్నాడట. అవసరమొస్తే ఒక కాలు సభలో, ఇంకో కాలు అక్కడ పెట్టి పని కానిచ్చే ఏర్పాటు. రాజ్యాంగం రాసిన పెద్దలు ఊహించి ఉండరు. ఒకసారి మాత్రం బ్యారీ గోల్డ్‌వాటర్ అనే మిత్రుడు మధ్యలో లేచి, రికార్డులో ఏదో చేర్పించాలని కాస్త సమయం అడిగి, ఈయన బాత్రూముకి వెళ్లొచ్చే వీలు కల్పించాడు. ఈ రుణం సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ మాట్లాడిందేమిటి? అప్పటి 48 రాష్ట్రాల ఎన్నికల చట్టాలు వరసబెట్టి చదివాడు. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే అలాస్కా, హవాయి కూడా చేరి మరో అరగంట గడిచేది. జార్జ్ వాషింగ్టన్ వీడ్కోలు ప్రసంగం చదివాడు. స్వాతంత్ర్య ప్రకటన కూడా చదివాడు. మనుషులంతా సమానంగా పుట్టారని మొదట్లోనే రాసి ఉన్న కాగితం అది. దాన్ని గట్టిగా చదువుతూ ఆ సమానత్వం రాకుండా అడ్డంపడటానికి ఎంత నిబ్బరం కావాలి! మన అవధానికైతే ఎదురుగా పృచ్ఛకులుంటారు, ఎక్కడ తప్పుతాడా అని కాచుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆ బెడద లేదు. చివరికొచ్చేసరికి గొంతు గుసగుసలోకి దిగిపోయింది. ఆయన కూర్చున్న రెండు గంటలకే బిల్లు 60-15తో పాసైంది.

ఆ రికార్డు 67 ఏళ్లు చెక్కుచెదరలేదు. 2025లో దాన్ని 25 గంటల 5 నిమిషాలతో చెరిపేసింది కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటర్.

థర్మండ్‌ది ఓపిక లేని ఒళ్లని ఎవరూ అనలేరు. 41 ఏళ్ల వయసులో గ్లైడర్‌లో నార్మండీలో దిగి యుద్ధం చేశాడు. 44వ ఏట పెళ్లికి ముందు తలకిందులుగా నిలబడి లైఫ్ పత్రికకు ఫొటో ఇచ్చాడు. 1954లో బ్యాలెట్ మీద పేరు లేకుండానే, ఓటర్లతో పేరు చేత్తో రాయించుకుని సెనేటుకు గెలిచాడు. అలా గెలిచిన మొదటివాడు ఆయనే. 1964లో కమిటీ గది బయట రాల్ఫ్ యార్బరో అనే తోటి సెనేటర్‌తో కుస్తీపట్టి నేలకు అదిమేశాడు. అప్పటికి అరవై దాటాయి. అదే ఏడు గోల్డ్‌వాటర్ అధ్యక్ష పదవికి నిలబడితే ఆయన వెంట డెమొక్రటిక్ కండువా తీసి రిపబ్లికన్ కండువా కప్పుకున్నాడు. బాత్రూము రుణం వడ్డీతో సహా తీరిపోయింది.

93 ఏళ్ల వయసులోనూ మళ్లీ గెలిచాడు. నూరేళ్లు నిండాయి, సెనేటర్‌గానే ఉన్నాడు. 2002 డిసెంబర్‌లో జరిగిన ఆ నూరో పుట్టినరోజు విందులో రిపబ్లికన్ నాయకుడు ట్రెంట్ లాట్ మాట జారాడు. 1948లో ఈయన్నే అధ్యక్షుణ్ణి చేసి ఉంటే దేశానికి ఇన్ని తిప్పలు ఉండేవి కావన్నాడు. 1948లో థర్మండ్ పోటీ చేసింది తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ విడిగా ఉంచాలనే అజెండాతో. రెండు వారాల్లో లాట్ నాయకత్వం ఊడింది. పుట్టినరోజు ఒకరిది, గండం ఇంకొకరిది.

తర్వాత్తర్వాత ఆయన మారాడంటారు. 1971లో నల్లజాతి సహాయకుణ్ణి పెట్టుకున్నాడు, 1983లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు దినానికి ఓటేశాడు. నిజమే. అయితే ఈలోగా, ఈయన వ్యతిరేకంగా ఓటేసినా ఆగకుండా వచ్చిన 1965 చట్టం పుణ్యమా అని, సౌత్ కరోలినాలో నల్లవాళ్ల చేతికి ఓట్లొచ్చాయి. మనసు ముందు మారిందో ఓటర్ల జాబితా ముందు మారిందో, తేదీలు చూసుకుంటే నాకు పెద్దగా అనుమానం లేదు.

ఆ 1948 ప్రచారంలోనే ఒక సభలో అన్నాడు: నల్లవాళ్లను మా థియేటర్లలోకి, ఈతకొలనుల్లోకి, చర్చిల్లోకి, ఇళ్లలోకి రానిచ్చేలా మమ్మల్ని ఒప్పించడానికి సైన్యంలో ఉన్న సిపాయిలు చాలరని. ఇళ్లలోకి!

ఎడ్జ్‌ఫీల్డ్‌లో ఆయన తల్లిదండ్రుల ఇంట్లో క్యారీ బట్లర్ అనే నల్లజాతి పిల్ల పనిచేసేది. పదహారేళ్ల పిల్ల. ఆ యజమానుల కుర్రవాడికి 22 ఏళ్లు. 1925లో వాళ్లకొక ఆడపిల్ల పుట్టింది. ఎస్సీ మే అని పేరు. పిల్లను పెన్సిల్వేనియాలో బంధువులు పెంచారు. తండ్రి ఎవరో ఆమెకు తెలిసేసరికి పదహారేళ్లు దాటాయి. ఆ సిపాయిల లెక్క చెబుతున్న రోజుల్లో థర్మండ్ గవర్నర్. నల్లవాళ్ల కోసం రాష్ట్రం విడిగా పెట్టిన కాలేజీలో కూతురు చదువుకుంటోంది. ఆయన గవర్నర్ కారులో అక్కడికే వచ్చి, ప్రెసిడెంటు గదిలో ఆమెను కలిసి, కవరులో నోట్లు పెట్టి ఇచ్చి వెళ్లేవాడు. 24 గంటలకు పైగా ఆగకుండా తిరిగిన ఆ నాలుక మీదికి ‘నా కూతురు’ అన్న మాట బతికినన్నాళ్లూ పదిమందిలో ఒక్కసారీ రాలేదు. ఆమె కూడా ఆయన కెరీర్ పాడుచెయ్యడం ఇష్టంలేక నోరు మెదపలేదు. టీచరుగా పనిచేసి, రిటైరై, ఆయన 2003 జూన్‌లో పోయాక, డిసెంబర్‌లో, 78వ ఏట చెప్పింది. కుటుంబం కాదనలేదు.

కొలంబియాలో రాష్ట్ర అసెంబ్లీ ఆవరణలో ఆయన కాంస్య విగ్రహం ఉంది. గబగబా ఎక్కడికో నడిచిపోతున్నట్టు ఉంటుంది. కింద రాతి దిమ్మె మీద సంతానం పేర్లు, నలుగురి తండ్రి అన్న ముక్క చెక్కి ఉండేవి. 2004లో దాన్ని దిద్దారు. ఇంగ్లిషులో నాలుగుకీ అయిదుకీ అక్షరాలు నాలుగే, మొదటి అక్షరమూ ఒకటే కాబట్టి పనివాడికి కొంత శ్రమ తప్పింది. మిగతా అక్షరాలు పూడ్చి మళ్లీ చెక్కాడు. పూడ్చిన అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. పిల్లలందరిలోకీ పెద్దది ఎస్సీ మే. ఆమె పేరు పెట్టడానికి చోటు మాత్రం వరసలో అన్నిటికన్నా కిందే దొరికింది.