పద్నాలుగింటిలో ఒక మాత్ర

హోసూరు పక్కన ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మందుల అలమరలో చిన్న కవరు. అందులో 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రలు 2, 75 మిల్లీగ్రాముల క్లోపిడోగ్రెల్ 4, 10 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్ 8. ఈ కథ చెబుతున్నది ఆ ఎనిమిదింట్లో ఒకటి. ఏడుగురు తోబుట్టువులను పక్కన పెట్టుకుని ‘నేను, నేను’ అంటే బాగుండదని, తనను ‘ఈ మాత్ర’ అనే చెప్పుకుంటుంది.

వంశం సంగతి ఎత్తితే జపాన్ దాకా పోవాలి. అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల బూజులను గాలించి, 1973లో కాంపాక్టిన్‌ను పట్టుకున్నాడు. స్టాటిన్ల కుటుంబానికి అదే మూలపురుషుడు. ఈ మాత్ర మాత్రం బూజులో పుట్టలేదు. 1985లో అమెరికాలో బ్రూస్ రాత్ దీన్ని ల్యాబులో తయారుచేశాడు. చేసే పని ఒకటే: కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి అడ్డుపడటం. సొంత సరుకు తగ్గేసరికి కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది.

గడప దగ్గరి వైద్యం హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాకు కొత్త కాదు. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చిచ్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ జిల్లా సామనపల్లిలోనే. 2023 జూన్‌లో ‘ఇదయం కాప్పోం’ పథకం వచ్చింది. గుండెపోటు లక్షణాలతో వచ్చినవాళ్లను పెద్దాసుపత్రికి పంపేముందే పై పద్నాలుగు మాత్రలూ మింగిస్తారు. ఈ మాత్రకు కవరులో చోటు దొరికింది అప్పుడే.

రోజూ వేసుకునేవాళ్ల దగ్గర దానికంత మర్యాద లేదు.

“ఏమమ్మా, కొవ్వు తగ్గిపోయిందంట గదా, ఇంకా మాత్రెందుకు?”

“మానేస్తే మళ్లీ పెరుగుతాదవ్వా. డాక్టరు చెప్పేదాకా ఆపొద్దు.”

నర్సు నోట ఆ మాట వింటే దానికి ప్రాణం లేచొస్తుంది.

ఈమధ్య థైమస్ పెప్టైడ్ ఇంజెక్షన్లు అనే పోటీదారు పేరు వినబడుతోంది. థైమస్ గుండె ముందు, రొమ్ము ఎముక వెనక ఉండే గ్రంథి. యుక్తవయసు నుంచి మెల్లగా కుంచించుకుపోతుంది, దాని చోట కొవ్వు చేరుతుంది. దాని అసలు పని రోగనిరోధక కణాలకు శిక్షణ అని 1961లో జాక్ మిల్లర్ చూపించాడు. ఈ పెప్టైడ్లలో ఒకటైన థైమోసిన్ ఆల్ఫా-1ను కొన్ని దేశాల్లో హెపటైటిస్-బికి వాడుతున్నారు. మరొకటి, థైమోసిన్ బీటా-4, ఎలుకల గుండెకు మేలు చేసిందని 2004లో ఒక పరిశోధన వచ్చింది. ఎలుకలకు! మనుషుల్లో గుండెజబ్బుకు, కొలెస్ట్రాల్‌కు ఈ ఇంజెక్షన్లు ఆమోదం పొందిన చికిత్స కాదు.

అందుకే ఇంజెక్షన్ మాట విని చేతిలోని మాత్ర మానేయకండి. ఛాతీ పట్టేసినట్టుండి, చెమటలు పోస్తే గ్యాస్ అనుకుని కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.