బాక్సు బిగింపు వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: “స్టీరింగు ఆడతాండాది. బాక్సు రోంత బిగించు మేస్త్రీ, అంతా సరిపోతాది.”

అవతారిక: ప్రొద్దుటూరు షెడ్లలో లారీ యజమానులు చేతులు వెనక్కు కట్టుకొని, బండి కిందికి ఒక్కమారైనా వంగక పలుకు ఆర్షవాక్యమిది. కర్త ఎవరో తెలియదు. జమ్మలమడుగు, పులివెందుల ప్రతులలోనూ పాఠభేదము కానరాదు.

టీక: స్టీరింగు, బాక్సు, మేస్త్రీ అనునవి సుగమములు. ‘రోంత’ (కొంచెము) వద్ద ఆగవలెను. బాక్సు మీద ఒక స్క్రూ, దానికొక లాక్ నట్టు కలవు. నట్టు వదులు చేసి స్క్రూ తిప్పినచో, లోపలి సెక్టారు షాఫ్టు పళ్లు వర్ము మీది నట్టు పళ్లను దగ్గరగా పట్టుకొనును. ఇచట పావు చుట్టు సైతము ఎక్కువ కావచ్చును. యజమాని మతమున ‘రోంత’ అనగా, పానా ఇక తిరగనని మొరాయించువరకు.

ఇక ఇందలి అనుమానము. ఆట గలదు కనుక బాక్సు చెడినది! అన్నంభట్టు తర్కసంగ్రహమున హేత్వాభాసములు, అనగా హేతువు వలె తోచు దోషములు, 5: సవ్యభిచారము, విరుద్ధము, సత్ప్రతిపక్షము, అసిద్ధము, బాధితము. ఇది మొదటిది. టై రాడ్ ఎండు అరిగినను, డ్రాగ్ లింకు వదులైనను, కింగ్ పిన్ బుష్ పోయినను అదే ఆట. కొండమీద నిప్పున్నది, ఏలనన కొండ తెలియదగినది అన్నట్లున్నది. మడుగు కూడ తెలియదగినదే కదా, అందు నిప్పున్నదా? సత్ప్రతిపక్షమును ఇక్కడ విడుచుచున్నాను, దానికి వేరే గ్రంథము కావలెను. నాకు మిక్కిలి ప్రియమైనది బాధితము. నిప్పు వేడిది కాదు, ద్రవ్యము కనుక. దీనిని ఖండించుటకు పండితులక్కరలేదు, చేయి పెట్టి చూచిన చాలును.

లారీని ఎచట విడిచితిమి? చేయి పెట్టుట వద్దనే. క్లీనరు స్టీరింగును అటునిటు కొద్దిగా కదుపుచుండగా, మేస్త్రీ బాక్సు కింది డ్రాప్ ఆర్ము మీద అరచేయి ఉంచవలెను. పై షాఫ్టు కదిలి ఆర్ము కదలకున్న దోషము బాక్సుది. ఆర్ము కదిలి చక్రము కదలకున్న ఆవలి కీళ్లది. పట్టునది కొద్ది నిమిషములు. మూలకర్తకు అంత ఓపిక ఏది?

తాత్పర్యం: బాక్సు పళ్లు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే బిగుతు, పక్కలకు పోయేకొద్దీ వదులు. అందుకే చక్రాలు తిన్నగా పెట్టి సరిచేయాలి. వంచి పెట్టి బిగిస్తే, తిన్నగా వచ్చేసరికి పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. నాపరాళ్ల లోడుతో ముద్దనూరు ఘాట్ దిగే డ్రైవరు ప్రతి మలుపులోనూ దాన్ని గుంజి తెచ్చుకోవాలి. చదును రోడ్డు మీద కూడా బండి తాగినోని మాదిరి అటూ ఇటూ పోతుంది. “నీకు నడపడం రాదు” అనే మాట మాత్రం డ్రైవరుకే. కింగ్ పిన్ బుష్‌లు మార్చాలంటే చక్రాలు విప్పాలి, బండి షెడ్డులో నిలబడాలి, బాడుగ పోతుంది. స్క్రూ తిప్పడం చౌక. అసలు సంగతి ఇదీ, తర్కశాస్త్రం కాదు!

విశేషము: ‘సరిపోతాది’ అనుట భవిష్యదర్థకము, ప్రమాణాపేక్షము. కావున బిగించిన పిమ్మట మొదటి ట్రిప్పు లోడుతో ఘాట్ మీదుగానే వేయవలెననియు, స్టీరింగు మూలకర్త చేతనే పట్టించవలెననియు వ్యాఖ్యాత మతము.