షుగర్ కాదమ్మా, సర్కారు పరీక్ష

టకోమా, వాషింగ్టన్ రాష్ట్రం

అమ్మకు, నాయినకు మీ చిన్నోడు రాయునది. అమ్మా, నాకు షుగర్ లేదు.

మొన్న ఫోన్‌ల "ఉచ్చ పరీక్షకు పిలిచిన్రు, మళ్ల మాట్లాడుత" అని పెట్టేసిన మాట నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకొని నువ్వు మిర్యాలగూడల మొదలుపెడితే పొద్దుగూకేసరికి సూర్యాపేట చేరింది, తెల్లారేసరికి కోదాడ ముట్టింది. సూర్యాపేట మామ షుగర్ డాక్టర్ నంబర్ వాట్సాప్ చేసిండు. కోదాడ చిన్నమ్మ కాకరకాయ పొడి దంచుతున్నదట. ఇంతల మన బావ, అన్నీ తెలిసినోడు, "షుగర్ లేదు, ఏం లేదు, అది గంజాయి తాగెటోళ్లను పట్టుకునే పరీక్ష" అని నలుగురిల చెప్పిండట. దాంతోటి నాకు చూసిన కోదాడ సంబంధమోళ్లు "పిలగాడు మంచోడే గని, కొన్ని రోజులు ఆగుదాం" అన్నరట. షుగర్ ఉన్నదంటే ఆగలే, పరీక్ష పెట్టిన్రు అంటే ఆగిన్రు!

అందుకే ఫోన్ చెయ్యకుంట ఉత్తరం రాస్తున్న. ఫోన్‌ల చెప్తే నువ్వు సగం విని మిగతా సగం నువ్వే అల్లుతవు. నాయినా, ఇది గట్టిగ చదువు, పక్కింటోళ్లకు గూడ వినపడాలె.

బావ చెప్పింది అబద్ధం కాదు. అమెరికా మిలిటరీల ఉన్నోడు ఎవడైనా ఏడాదికి కనీసం ఒక్కసారి సీసా నింపాల్సిందే. ఎప్పుడన్నది మాత్రం ఎవనికీ తెల్వదు. కంప్యూటర్ నంబర్లు ఏరుతది. పొద్దుగాల్ల వరుసల నిలబడ్డప్పుడు పేర్లు చదువుతరు. పేరొచ్చినంక ఇంటికి పోవుడు లేదు, పని మీద పోవుడు లేదు, సీసా ఇచ్చేదాక పరీక్ష గదిల్నే కూసోవాలె. ఈ నెల పిలిచిన్రు కదా, వచ్చే నెల పిలవరనే భరోసా గూడ లేదు. నా దోస్తు ఒకడు లాటరీ టికెట్లు కొనీకొనీ ఒక్కసారి గెలువలే గని, ఈ లాటరీ మాత్రం వానికి తప్పకుంట తగులుతది.

అసలు కష్టం లోపలికి పోయినంకనే ఉంటది. ఊకనే సీసా ఇచ్చి తలుపేసుకోమనరు. మగోళ్లకు మగోడు, ఆడోళ్లకు ఆడామె పక్కనే నిలబడి, ఆ ధార మన ఒంట్లకెల్లి వచ్చి సీసాల పడేదాక కండ్లార్పకుంట చూడాలె. అది వాళ్ల డ్యూటీ, చూడకుంటే వాళ్ల మీద కేసు. వేరేటోని సీసా తెచ్చి ఇస్తరేమో అని ఈ ఏర్పాటు. చిన్నప్పుడు మన చేను గట్టు మీద నిలబడి ఏ సిగ్గూ లేకుంట పోసినోణ్ణి, ఈడ ఒకడు చూస్తుంటె చుక్క రాదు. గ్లాసుల మీద గ్లాసులు నీళ్లు తాగుడు, అటూ ఇటూ తిరుగుడు. ఒకసారి నా వెనకాల మా కర్నల్ సారు నిలబడ్డడు. ఆయనకూ అదే సీసా, అదే కాపలా. వందలమందిని పరుగెత్తించే మనిషి మూత పట్టుకొని గోడ దిక్కు చూసుకుంట నిలబడ్డడు. నాకైతే ఈ దేశం మిలిటరీల మస్తు నచ్చిన సంగతి అదే. ఆ గదిల సెల్యూట్ పనిచెయ్యదు.

నింపినంక సీసా మీద లేబుల్ సరిగ్గ ఉన్నదా లేదా చూసుకొని మనమే పొట్టి సంతకం పెట్టాలె, మన కండ్ల ముందటనే సీలు వేస్తరు. అది ల్యాబుకు చేరేదాక ఎవరి చేతికెల్లి ఎవరి చేతికి పోయిందో కాగితం మీద రాస్తరు. ల్యాబుల మొదటి పరీక్షల తేడా వస్తే మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషిన్ల పెట్టి మళ్ల చూస్తరు. రెండిట్ల దొరికితేనే దొరికినట్టు. దొరికితే మిలిటరీ చట్టం 112ఏ కింద కేసు, ఉద్యోగం ఊడుడు, కొన్నిసార్లు జైలు.

నాయినా, నీకు తెల్సినట్టు చెప్త. మిల్లుకు వడ్ల లారీ రాంగనే ఏం చేస్తరు? అన్ని బస్తాలూ విప్పరు. ఏదో ఒక బస్తాకు ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు వడ్లు తీసి, తేమ మీటర్ల పెడ్తరు. 17 శాతం లోపుంటే సరే, దాటితే పేచీ. రైతు దొంగ అని కాదు గదా గుచ్చేది! ఏ బస్తాకు గుచ్చుతరో ముందుగాల తెలిస్తే ఆ ఒక్క బస్తానే ఎండపోస్తరని. నేను గూడ ఆ లారీల బస్తానే. కోదాడోళ్లకు ఇదొక్కటి చెప్పు, వాళ్లకు గూడ వడ్ల యాపారం ఉన్నది కదా, అర్థమైతది.

ఈ సీసా రివాజు ఎప్పటికెల్లి ఉన్నదంటే, 1971ల వియత్నాం యుద్ధం కాలంకెల్లి. అక్కడ సిపాయిలు హెరాయిన్‌కు అలవాటు పడ్డరని, ఇంటికి పోయే విమానం ఎక్కేముందు సీసా ఇచ్చి పాసైనోణ్ణే ఎక్కనిచ్చిన్రు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో'. బంగారు ధార అన్నట్టు! ఇంత ఎటకారం సర్కారుకు ఎట్ల తోచిందో! అసలు గట్టిగ పట్టుకున్నది మాత్రం 1981ల. మే 26 రాత్రి ఫ్లోరిడా దగ్గర సముద్రంల నిమిట్జ్ అనే పెద్ద ఓడ మీద విమానం కూలి 14 మంది పోయిన్రు. పోయిన సిబ్బందిల కొందరి ఒంట్ల గంజాయి ఆనవాళ్లు దొరికినయి. పైలట్ ఒంట్ల జలుబు మందు మోతాదు మించి ఉన్నదని తర్వాత బయటపడ్డది. అమ్మా, జలుబు మందు అన్న, యాది పెట్టుకో. అప్పటిసంది పరీక్షలు కాయం చేసిన్రు. 1980ల సర్వే చేస్తే గడిచిన నెలల డ్రగ్స్ వాడినోళ్లు 27.6 శాతం, 1992 వచ్చేసరికి 3.4 శాతం. సీసాకు అంత భయం!

గమ్మతేందంటే ఈ రాష్ట్రంల గంజాయి తప్పు కాదు. 2012ల జనం ఓటేసి ఒప్పుకున్నరు, 2014ల దుకాణాలు తెరిచిన్రు. మా గేటు దాటి రోడ్డెక్కితే కిరాణాకొట్టు తీర్గ బోర్డు పెట్టి అమ్ముతరు. ఇరవై ఒకటి నిండినోడెవడైనా పోయి కొనుక్కోవచ్చు. నేను మాత్రం ఢిల్లీ సర్కారు లెక్క పైసర్కారు కింద ఉన్నోణ్ణి, నాకు రాష్ట్రం చట్టం నడవదు. చుట్టూ గంజాయి వనం, నడుమ మీ కొడుకు తులసి మొక్క. బావను ఈ ముక్క రెండుసార్లు చదవమను.

మన దిక్కు గూడ ఏం తక్కువ? మన్యంల పండిన గంజాయి హైదరాబాద్ పోవాలంటే చాన మట్టుకు కోదాడ, సూర్యాపేట మీదికెల్లే. రామాపురం అడ్డరోడ్డు కాడ చెక్‌పోస్టుకు అటు ఆంధ్రోళ్లు 2024ల 'ఈగల్' అని దళం పెట్టిన్రు, ఇటు మనోళ్లు 2025ల పాత యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు అదే 'ఈగల్' పేరు పెట్టిన్రు. రాష్ట్రాన్ని పంచుకున్నరు గని గద్దను పంచుకోలే. చిన్నమ్మ ఇంటి ముంగటనే రెండు గద్దలు తిరుగుతుంటే, ఏడు సముద్రాల అవతల ఉన్న నా మీద అనుమానమా?

ఇంకో మాట. "మనోళ్ల మిలిటరీల చేరక పరాయి మిలిటరీల ఎందుకు చేరినవురా" అని మామ అడిగినప్పుడల్ల నాకు జవాబు రాదు. సూర్యాపేటల, మన మిలిటరీల ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందట నిలబెట్టి అడుగుతడు, ఏం చెప్త? ఎమ్మెస్ చదువుకుంట ఉండంగ మావ్నీ అని ఒక స్కీము ఉండె. మన భాషలు వచ్చినోళ్లను, వైద్యం తెలిసినోళ్లను తీసుకొని పౌరసత్వం ఇచ్చెటోళ్లు. నేను హిందీ పుణ్యాన చేరిన. 2016ల ఆ దారి మూసిన్రు. అంతకు మించి దాంట్ల పెద్ద కథ లేదని మామకు చెప్పు.

ఇగ అసలు పని. అమ్మా, ఇంతకుముందు మాటలన్నీ మరిచినా ఇది మరవకు. గసాలు!

గసాలు కాసేది నల్లమందు మొక్కకే. గింజల మత్తు ఉండదు, మన దేశంల 1985 చట్టం గూడ గింజలను వదిలేసింది, అందుకే కిరాణాకొట్టుల అమ్ముతరు. కాకపోతే కాయ పాలు అంటుకున్న గింజలు తింటే ఒంట్ల మార్ఫిన్, కొడీన్ అని తేలుతయి. ఈడోళ్లు బేగెల్ అనే రొట్టె మీద చల్లుకుంటరు. అది తిని సిపాయిలు సీసాల దొరుకుతరేమో అని, 2023 ఫిబ్రవరిల రక్షణ శాఖ "గసాలు తినకున్రి" అని అందరినీ హెచ్చరించింది. ఇంత పెద్ద సైన్యం కూకొని గసాల మీద కాగితం రాసింది! తర్వాత 2024ల కొడీన్ హద్దును ఒక మిల్లీలీటరుకు 2,000 నానోగ్రాముల నుంచి 4,000కు పెంచిన్రు. నానోగ్రాము అంటే గ్రాముల వంద కోట్ల వంతు. పెంచిన్రు గదా అని నువ్వు ధైర్యం చెయ్యకు. రొట్టె మీద చల్లేది చిటికెడు, నువ్వు నాటుకోడి కూరల నూరి పోసేది పిడికెడు. గల్ఫ్ పోయెటోళ్లకు ఇది ముందే ఎరుక. దుబాయ్‌ల గసాల పొట్లం దొరికితే జైలు దాక పోవచ్చు. ఈడ జైలు లేదు గని, "మా అమ్మ కూరల వేసింది సార్" అని కర్నల్ ముందట నిలబడి చెప్పుడు నాతోని కాదు.

గర్జెలల్ల గసాలు వద్దు, కొబ్బరి, పుట్నాల పొడి, బెల్లం చాలు. అరిసెలకు నువ్వులు అద్దు. మసాలా దంచితే గసాల బదులు జీడిపప్పు వెయ్యి. దగ్గు మందు, జలుబు మందు, ఎవరో ఇచ్చిన లేహ్యం, ఏదీ పెట్టకు. నాకు జలుబు చేస్తే ఈడ డాక్టర్ ఉన్నడు, ఆయన చీటీ రాస్తే ఆ మందుకు లెక్క ఉంటది. నాయినా, నువ్వు దగ్గరుండి డబ్బాలన్నీ విప్పి చూసినంకనే పెట్టెకు టేపు వెయ్యి. సంక్రాంతి లోపల అందేటట్టు పంపున్రి.

ఇట్లు,
మీ చిన్నోడు