ఇంటిపేరు ఇంటి దగ్గరే వదిలేసి రావాలా?

మహారాజశ్రీ పరీక్షా కేంద్రం మేనేజరు గారి సముఖానికి, మొన్న శనివారం తమ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయిన అభ్యర్థి నమస్కరించి రాయునది.

తమరు కుశలమని తలుస్తాను. నేను కుశలంగా లేను. 749 డాలర్ల పరీక్ష ఫీజు నీళ్లపాలైనవాడు కుశలంగా ఎలా ఉంటాడండీ?

సీఐఎస్‌ఎస్‌పీ అనే సైబర్ భద్రత సర్టిఫికెట్ కోసం 8 నెలలు చదివాను. 8 డొమైన్లు, డొమైనుకో నెల. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బెల్-లాపడ్యులా, బిబా అనే భద్రతా మోడళ్లు వల్లె వేశాను. ఒకదాంట్లో పైది చదవకూడదు, ఇంకోదాంట్లో పైకి రాయకూడదు. మూడు నాలుగడుగుల కంచె ఎవణ్ణి ఆపుతుందో, ఎనిమిదడుగులై పైన ముళ్లతీగ ఉంటే ఎవణ్ణి ఆపుతుందో బట్టీ పట్టాను. మీ రిసెప్షన్ బల్ల మూడున్నర అడుగులు కూడా లేదు. నన్ను ఆపేసింది.

ఒక్క అక్షరం కోసం! దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఇంటిపేరుకు 'వి' అని రాశాను. పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంది. బల్ల వెనక అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఆ 'వి' మీద గోరుతో గీసి, "ఇదేంటి సార్?" అంది. "మా ఇంటిపేరమ్మా" అన్నాను. "సిస్టమ్ ఒప్పుకోదు సార్" అంది. ఫొటో నాదే. పుట్టిన తేదీ నాదే. సంతకం మూడుసార్లు పెట్టి చూపించాను. పక్కనే అరచేతి స్కానరు పచ్చగా వెలుగుతూనే ఉంది.

మనిషిని గుర్తుపట్టి లోపలికి రానివ్వడం గురించిన ఐదో డొమైను మీలో ఎవరైనా చదివారా? అసలు మనిషిని కాదని గెంటేస్తే అది మొదటి రకం తప్పు. దొంగని రానిస్తే రెండో రకం. పుస్తకంలో ఆ పాఠం పక్కన నా ఫొటో వేయించండి.

తెలుగువాడి పేరు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే రెండు గళ్లలో ఎప్పుడు ఇమిడింది కనుక? మెమోలో ఒకలా, ప్యాన్ కార్డులో ఇంకోలా, ఆధార్‌లో టైపు చేసిన కుర్రాడికి తోచినట్టుగా.

ఇక పరీక్షంటారా, వెనక్కెళ్లి జవాబు దిద్దుకోనివ్వరు. 100 ప్రశ్నలకే ఆగుతుందో 150 దాకా పోతుందో ముందు తెలియదు. నాలుగూ సరైనవే అనిపించే జవాబులిచ్చి అన్నిట్లోకీ మంచిదేదో చెప్పమంటారు. మేనేజరులా ఆలోచించాలని కోచింగ్‌లో ఒకటే పోరు. మేనేజరు గారూ, తమరు ఒక్కసారి ఆలోచించారా?

గైర్హాజరు కింద రాశారట. ఫీజు తిరిగి రాదట. మా ఆవిడ రోజూ "ఏమైందండీ?" అంటోంది. "రిజల్టు రావాలి" అంటున్నాను. అది అక్కడికక్కడే చేతికిస్తారని ఆవిడకి తెలియదు కాబట్టి నడుస్తోంది. ఎన్నాళ్లు?

మెమో, ప్యాన్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు అన్నీ తెస్తాను. ఇంకో తారీఖు ఇప్పించండి బాబూ.

ఇట్లు
తమ విధేయుడు
వి.
(పూర్తి పేరు విడిగా జతచేశాను)