ఇక బామ్మలకూ షిఫ్టులే

నెలకు 2,300 యూరోలంటే మోస్తరు అద్దేనని పోర్చుగల్ ప్రభుత్వం తేల్చేసింది. ఆ లోపు తీసుకునే ఇంటి యజమానికి పన్ను 25 శాతం నుంచి 10కి దిగుతుందట. 2025లో ఈ దేశంలో కనీస వేతనం 870. కోతలేవీ లేవనుకుని ముగ్గురు జీతాలు పోగేసి ఇంటాయన చేతిలో పోస్తే, మిగిలిన మూడు వందల చిల్లరతో ముగ్గురూ నెలంతా సార్డీన్ చేపలు కాల్చుకు తినొచ్చు. ఆరోగ్యానికి మంచివే.

ప్రధాని మోంటెనెగ్రో గారి మంత్రివర్గాన్ని ఏమంటాం? వాళ్ళ కళ్ళకు లిస్బన్ పాతపేట అల్ఫామాలో కనిపించింది మేమే మరి. ఇక్కడ కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పనిచేసే ల్యాప్‌టాప్ జాతి మాది. 2022లో మా కోసం ప్రత్యేకంగా వీసా పెట్టారు. కనీస వేతనానికి నాలుగింతలు సంపాదిస్తున్నట్టు కాగితం చూపిస్తేనే రానిస్తారు. చూపించాం, వచ్చాం, అల్ఫామా సందుల్లో మోస్తరుగా సర్దుకున్నాం.

వచ్చాక ఒక్కటే చిక్కు. కిటికీలో మోచేతులు ఆనించి వీధిని ఏలే బామ్మనూ, తీగల మీద ఆరే బట్టలనూ, కొట్టు లోపలినుంచి వినబడే ఫాదో పాటనూ చూసుకుందామని వచ్చిన వాళ్ళం. తీరా చూస్తే ఆ బామ్మ లేదు. అసలు సిసలు అల్ఫామా కోసం నేను కిటికీ తెరిస్తే, ఎదురింటి డచ్చాయన కూడా దానికోసమే తెరిచి నన్నే చూస్తున్నాడు. ఇద్దరికీ నిరాశే.

అందుకే నగరపాలికకు నాదొక మనవి: బామ్మ డ్యూటీ పథకం పెట్టండి. నది అవతల బర్రేరూలో అద్దెలు కాస్త తక్కువ కాబట్టి బామ్మలు అక్కడ దొరుకుతారు. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి తెర్రేయిరూ దు పాసూ రేవులో దిగాలి. 28వ నంబరు ట్రామ్‌లో సెల్ఫీలవాళ్ళే కిక్కిరిసి ఉంటారు గనక కొండ నడిచే ఎక్కాలి. తొమ్మిదికల్లా కిటికీలో హాజరు. నల్ల గౌను, భుజాన శాలువా ఆఫీసువాళ్ళే ఇస్తారు. ఆరేసే బట్టలు కూడా; టూరిస్టు గదుల దుప్పట్లు ఎలాగూ రోజూ ఉతికేవే.

విధులు: గంటకోసారి ఎవర్నో ఒకర్ని తిట్టాలి. గుమ్మంలో జింజిన్యా మద్యం గ్లాసులు అమ్మాలి. ఫాదోకు 2011లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది కనుక మధ్యాహ్నం ఓ కూనిరాగం తప్పనిసరి. రాత్రి మాత్రం వద్దు, మాకు పొద్దున్నే మీటింగులుంటాయి. జూన్‌లో సాంటో ఆంటోనియో పండగకు ఓవర్‌టైమ్. అతిథులు నక్షత్రాలిస్తారు, నాలుగుకు తగ్గిన బామ్మను మొరారియా పేటకు బదిలీ చేస్తారు. అక్కడ ఎవరైనా సెలవు పెట్టినా ఫర్వాలేదు. ఆ పేట ముసలివాళ్ళ ఫొటోలను ఓ బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఏనాడో ప్రేమగా గోడల మీదికి ఎక్కించింది. గోడకు అద్దె పెంచరు కదా.

ఎంపిక పకడ్బందీగా జరగాలి. ఇంటర్వ్యూకు వచ్చిన మొదటావిడను అడుగుతారు: "అమ్మా, ఈ పేటతో పరిచయం ఉందా?" "ఈ సందులోనే పుట్టాను నాయనా, అదిగో ఆ నీలం తలుపు." "స్థానికురాలినని చిరునామా రుజువు?" "బర్రేరూది ఉంది." "అయితే కుదరదు. పోనీ, తాత్కాలిక బామ్మగా రాసుకుంటాం." మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తానని ఆవిడ నీలం తలుపు వైపు నడిస్తే, సూట్‌కేసుతో నిలబడ్డ కుర్రాడు మర్యాదగానే చెబుతాడు: చెక్ఇన్ మూడింటికండీ, కోడ్ మెసేజ్‌లో వస్తుంది.

ఇక నవ్వడం నావల్ల కావడం లేదు. ఆవిడను ఆ తలుపులోంచి పంపింది భూకంపం కాదు. 1755 నాటిదాన్ని కూడా అల్ఫామా చాలావరకు తట్టుకుని నిలబడింది. పంపినవి చట్టాలు. 2012లో పాత అద్దెల కట్లు తెంచారు. అదే ఏడాది, అయిదు లక్షల యూరోల ఇల్లు కొన్న విదేశీయుడికి నివాస పత్రం చేతిలో పెట్టారు. ఇళ్ళతో ఆ బేరాన్ని 2023లో ఆపేటప్పటికి ఖాళీ కావలసిన ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు మిగిలినవాళ్ళ నెత్తిన ఈ 2,300. దాన్ని నా జేబు కొలిచి రాశారు. నా గది ఊడ్చే మనిషిది కొలవలేదు. ఆమె కనీస వేతనంలోంచి సామాజిక భద్రత కింద 11 శాతం కోస్తున్నారు. ఆమె దాదాపు మూడు నెలలు పనిచేస్తేగానీ చేతికి రాని సొమ్మును ఒక్క నెల అద్దెగా తీసుకునే ఇంటాయన కట్టేది 10 శాతం. ఆ ఒక్క శాతం తేడా ఎవరిమీద దయతో ఉంచారో, ఆరు గంటల ఫెర్రీ క్యూలో నిలబడి ఆమెకే చెప్పండి మంత్రిగారూ.