గాజు గిన్నెలో పుచ్చకాయ పులుసు

మళ్లీ వచ్చేసింది పుచ్చకాయ గజ్‌పాచో అనే చల్లటి సూపు. ఎండలు ముదరక ముందే హైదరాబాదు పెద్ద హోటళ్ల వేసవి మెనూల్లోకి ఎక్కింది, అక్కణ్నుంచి రీళ్లలోకి దిగింది. చేసిచూపేవాళ్లందరిదీ ఒకటే పాట: పొయ్యి వెలిగించకుండా సూపు! మనిషి నిప్పు కనిపెట్టాక ఇదే రెండో ఘనకార్యమన్న ధీమా వాళ్ల గొంతులో.

ఈ పొయ్యి లేని వంటను కాస్త దగ్గరగా చూడాలి. పుచ్చకాయ, టమాటా, కీరా, ఉల్లి కలిపి మిక్సీలో తిప్పుతారు. వడగడతారు, పీచు చెత్తలోకి, రసం గిన్నెలోకి. కొన్ని గంటలు ఫ్రిజ్‌లో పెడతారు. ఇంతవరకూ నిజంగానే పొయ్యి జోలికి పోరు. ఆపైన అలంకారం మొదలవుతుంది. పైన వేసే బ్రెడ్డు ముక్కలు కరకరలాడాలి, అందుకని ఓవెన్ వేడెక్కుతుంది. గుమ్మడి గింజలు వేగాలి, అందుకని మూకుడు ఎక్కుతుంది. ఎండల్లో పొయ్యి ముందు నిలబడలేమంటూ మొదలుపెట్టిన వంట చివరికి రెండు చోట్ల మంట పెట్టిస్తుంది.

ఆ గుమ్మడి గింజల దగ్గర ఇంకొంచెం ఆగాలి. పుచ్చకాయ కోస్తే గింజలు దాంట్లోనే ఉంటాయి. వాటిని ఓపిగ్గా ఏరి బుట్టలో పారేస్తారు. తర్వాత ప్యాకెట్టు చింపి, డబ్బు పోసి కొన్న గుమ్మడి గింజలు చల్లుతారు. పుచ్చ గింజల పప్పును మిఠాయిల వాళ్లు ఏరికోరి కొనుక్కుంటారని వీళ్లకు చెప్పేవాళ్లు లేరు.

తొక్క కింది తెల్లకండ గతీ అంతే. సిట్రులిన్ ఉంది, రక్తనాళాలకు మేలు అని రీళ్లలో ఊదరగొట్టేది వీళ్లే. అది దండిగా ఉండే తెల్లకండను చెక్కి పారేసేదీ వీళ్లే. కర్ణాటక తీరంలో దాన్ని బియ్యంతో కలిపి రుబ్బి దోసెలు పోసుకుంటారు. ఇక్కడ అది మునిసిపాలిటీ బండెక్కుతుంది.

ఫెటా లేకపోతే రుచే లేదట. ఆ పేరు గ్రీసు జున్నుకే చెందుతుందని ఐరోపా సమాఖ్య 2002లో తేల్చింది. స్పెయిన్ వంటకం, గ్రీసు జున్ను, ఆఫ్రికాలో పుట్టిన కాయ, జూబ్లీహిల్స్ బిల్లు.

ఒంట్లోని విషాలు కడిగేస్తుందట. మూత్రపిండాలు ఆ చాకిరీ జీతం అడక్కుండా చేస్తూనే ఉన్నాయి. పుచ్చకాయలో 92 శాతం నీళ్లేనట. కుండలో నూటికి నూరూ నీళ్లే.

ఇంతకీ ఎవరి తిండి ఇది? దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడి పొలాల్లో, ఆలివ్ తోటల్లో కూలీలు ఎండిన రొట్టెను నానబెట్టి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి, ఆలివ్ నూనె, వెనిగర్, నీళ్లు కలుపుకుని తాగేవారు. టమాటా అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో స్పెయిన్ చేరింది. ఈ గిన్నెలోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. పుచ్చకాయ నిన్నమొన్నటి చేర్పు. ఆలివ్ నూనె అక్కడ ఊరి పంట, మనకు వేరుశనగ నూనె ఎలాగో అలాగ. చెమటోడ్చిన ఒంటికి నీళ్లూ ఉప్పూ ఇంత పిండీ అందించడమే గజ్‌పాచో పని. మన అంబలి, తరవాణి, చల్దన్నం చేసే పని అదే. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి వేసే తెలంగాణ పచ్చిపులుసుకు పొయ్యి మీద ఉడకడమన్నదే తెలియదు. దాన్ని ఆవిష్కరణ అని ఏ ఇల్లాలూ చాటుకోలేదు.

కూలీ గిన్నెలోది ఎత్తుకొచ్చి, కూలీని గేటు బయటే వదిలేసి, దాన్ని ‘ఎండ నుంచి ఉపశమనం’ అని అమ్ముకోవడానికి సిగ్గుండాలి. వడదెబ్బకు రాలిపోయేది సూపు తాగేవాళ్లు కాదు. రెంటచింతలలో, రామగుండంలో నిప్పులు కురిసే మధ్యాహ్నం రోడ్డుకు తారు పోసేవాళ్లు, శ్లాబు ఎత్తేవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు. ఊళ్లలో ఉపాధి పనుల చోటైనా తాగునీరు, నీడ ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసిపెట్టింది. నెత్తిన తట్ట బోర్లించుకుంటే దొరికేదే నీడ అయిన చోట్లు ఎన్నో. చలివేంద్రానికి మార్చిలో రిబ్బను కోస్తారు, ఫొటో దిగుతారు. మే నెలలో ఆ కుండలో గ్లాసు ముంచితే అడుగు తగిలి మోగుతుంది. దీని మీద రీలు చేసేవాడు లేడు, లైకులు రావు గనక.

పుచ్చకాయ తినాలనిపిస్తే రోడ్డు పక్క బండి దగ్గర ఆగి, ఉప్పూ కారం చల్లించుకుని తినండి. హోటళ్ల యజమానులకు ఒక్కటే విన్నపం: మెనూలో ఏ సూపైనా పెట్టుకోండి, దానికంటే ముందు, మీ గేటు దగ్గర ఎండలో నిలబడి కార్లకు సెల్యూట్ కొడుతున్న మనిషికి ఓ గొడుగు, ఓ కుర్చీ, ఉప్పేసిన మజ్జిగ కుండ పెట్టించండి.