ఆటల పీరియడ్‌ను మింగిందెవరు?

నల్గొండ జిల్లా త్రిపురారం లాంటి మండలాల సర్కారు హైస్కూళ్ల టైంటేబుల్‌లో ఆటల పీరియడ్‌కు లోటుండదు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మాత్రం లెక్కలో, సైన్సో దాన్ని మింగేస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలంది. ఆడేందుకు తీరిక కూడా ఉండాలని రాయడం మరిచింది. మార్కులు అన్నం పెడతాయి, ఆటలు పెడతాయా అంటారు పెద్దలు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడాకోటా ఉన్నది ఎవరి కోసం మరి?

2023 ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చిన అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్లే. 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన కల్లెడ బిడ్డ జీవంజి దీప్తి సత్తా బయటపడింది బడి పోటీల్లోనే. అందరూ నందినులు అవుతారా అంటారేమో. లెక్కలు చదివినోళ్లంతా రామానుజన్‌లయ్యారా? సాగర్ ఎడమ కాలువ కింది రైతు నారుకే నీళ్లు పెడతాడు, కోతనాడు కాదు. మన సర్కారు మాత్రం పతకం పండాకే కోటి రూపాయలు ప్రకటిస్తుంది. శాలువాలు తర్వాత కప్పొచ్చు; ముందు పిల్లల పీరియడ్ పిల్లలకిచ్చేయండి.